డిక్కీలో పెట్టుకునే గాలి మెషిన్: ఆరు నెలలు వాడాక నా మాట

టైర్లకి గాలి నింపే ఈ చిన్న మెషిన్‌ని పంక్చర్ పడితే ఆదుకుంటుందని కొన్నాను. ఈ ఆరు నెలల్లో దారి మధ్యలో దాన్ని తియ్యాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. అయినా ఇప్పుడు దాన్ని డిక్కీలోంచి తీసెయ్యమంటే నేను తియ్యను, ఎందుకంటే అసలు దాని ఉపయోగం వేరే చోట ఉందని వాడుతుంటే అర్థమైంది.

నాది 12 వోల్టుల సాకెట్‌కి వైరు గుచ్చి వాడే రకం. అరచేతి కంటే కొంచెం పెద్ద పెట్టె, డిజిటల్ డిస్‌ప్లే, ఎంత గాలి కావాలో ముందే సెట్ చేసుకుంటే అంత రాగానే అదే ఆగిపోతుంది, పక్కన చిన్న లైటు. ఛార్జింగ్ పెట్టుకునే రకాలు కూడా చూశాను, వైరు గోల లేదు, చూడ్డానికి బాగుంటాయి, కానీ ఇలాంటి వస్తువు నెలల తరబడి డిక్కీలో ఎండకీ వేడికీ పడి ఉంటుంది, లిథియం బ్యాటరీకి అది మంచిది కాదు, పైగా కావాల్సిన రోజున ఛార్జింగ్ ఉందో లేదో అన్న టెన్షన్ ఒకటి. కారు బ్యాటరీ బాగున్నంతకాలం వైరు రకం పనిచేస్తుంది. నాకు ఆ ధైర్యమే ముఖ్యం అనిపించింది.

ముందు పని ఎలా చేస్తుందో చెబుతాను. 15 అంగుళాల టైరు, 26 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) ఉన్నదాన్ని 33కి తేవడానికి దాదాపు మూడున్నర నిమిషాలు పట్టింది. పూర్తిగా గాలి దిగిన టైరుకి ఎంత పడుతుందో చూద్దామని స్టెప్నీలో గాలి మొత్తం తీసేసి నింపి చూశాను, పది నిమిషాలు దాటింది. అప్పటికి మెషిన్ బాగా వేడెక్కింది, గొట్టం చివర వాల్వ్‌కి తగిలించే ఇత్తడి ముక్క చెయ్యి పెట్టలేనంత కాలింది. గాలిని నొక్కేకొద్దీ వేడి పుడుతుంది కాబట్టి అది మామూలే, కానీ పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. నాలుగు టైర్లూ బాగా దిగిపోయి ఉంటే ఒకే ఊపున నింపొద్దు, రెండు అయ్యాక పది నిమిషాలు చల్లారనివ్వండి. మాన్యువల్‌లో కూడా అదే ఉంది, చాలామంది మాన్యువల్ చదవకుండా మెషిన్‌ని కాల్చేసుకుని వస్తువు మంచిది కాదంటున్నారు, అది అన్యాయం.

చప్పుడు మాత్రం ఎక్కువే. తెల్లవారుజామున ఇంటి ముందు పెడితే పక్కింటివాళ్లు లేచి చూస్తారు. అంత చిన్న పిస్టన్ అంత వేగంగా కొట్టుకోవాలంటే చప్పుడు తప్పదు, నేను దీన్ని పెద్ద లోపంగా పట్టుకోను.

పట్టుకునే లోపాలు రెండున్నాయి. మొదటిది, గొట్టం చివర మర తిప్పి బిగించే రకం. బిగించేటప్పుడు బాగానే ఉంటుంది, విప్పేటప్పుడే చిక్కు, ఆ మూడు నాలుగు చుట్లు విప్పేలోపు వాల్వ్‌లోంచి బుస్సుమని గాలి పోతుంది. కొట్టిందంతా పోదు, ఒక పీఎస్‌ఐ అటూ ఇటూ, కానీ ప్రతిసారీ చిరాకే. మీట నొక్కి పట్టే క్లిప్పు రకం అయితే చటుక్కున ఊడొస్తుంది. రెండోది డిస్‌ప్లే. మెషిన్ నడుస్తున్నప్పుడు గొట్టంలో ఒత్తిడి టైరులో కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది, అందుకే 33 చూపించి ఆగిపోయాక రెండు మూడు సెకన్లలో అంకె 32కో 31న్నరకో దిగుతుంది. నేను ఇప్పుడు 34 పెట్టి వదిలేస్తున్నాను, సరిగ్గా 33 దగ్గర నిలుస్తోంది. ఇది కొన్నవాళ్లు మొదటిరోజే చూసుకోవాల్సిన విషయం.

ఇంకో మాట, విడిగా ఒత్తిడి కొలిచే ఒక చిన్న గేజ్ కూడా కొనుక్కోండి. అది జేబులో పట్టేంత వస్తువు. నా మెషిన్ ఎప్పుడూ ఆ గేజ్ కంటే ఒక పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తోంది. ఒకరోజు ఒకటి, ఇంకోరోజు నాలుగు తేడా అయితే పారెయ్యాలి, ఎప్పుడూ అదే ఒకటి తేడా కాబట్టి లెక్క వేసుకుంటే సరిపోతుంది. కొనడానికి ముందు ఒకే రోజు రెండు వేర్వేరు చోట్ల గాలి చూపించాను, ఒకచోట 30 అన్నారు, ఇంకోచోట 35 అన్నారు. మధ్యలో నేను నడిపింది నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. ఐదు పీఎస్‌ఐ తేడా ఉన్న రెండు గేజ్‌ల మధ్య ఏది నమ్మాలి? ఈ ప్రశ్నే నన్ను కొనిపించింది.

ఇక అసలు విషయం. టైరు గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. చల్లగా అంటే కారు కనీసం మూడు గంటలు కదలకుండా నిలబడి ఉండాలి. గాలి కొట్టించే చోటికి నడుపుకుంటూ వెళ్లేసరికే టైరు వేడెక్కుతుంది, ఎక్కువ దూరం వెళితే మూడు నాలుగు పీఎస్‌ఐ పెరగడం మామూలు. అక్కడ వేడి మీద 33 చూపించిందంటే, పొద్దున్నే చూస్తే 29 ఉండొచ్చు. మనం సరిగ్గా ఉందనుకుని తిరుగుతుంటాం. ఇంటి దగ్గర మెషిన్ ఉంటే పొద్దున కారు తీయకముందే చూసుకోవచ్చు. ఈ ఒక్క కారణం చాలు కొనడానికి, మిగతావన్నీ అదనం. వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది, 33 దగ్గర ఉన్న టైరులో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడిపోతే ఒకటిన్నర పీఎస్‌ఐ పైనే తగ్గుతుంది. చలికాలం మొదట్లో అందరికీ కారులో గాలి తగ్గిందని చెప్పే టైరు లైటు ఒక్కసారిగా వెలిగేది ఇందుకే.

ఎంత ఉండాలన్నది టైరు మీద చూడకండి. టైరు పక్కన 44 అనో 51 అనో పీఎస్‌ఐ అంకె ఉంటుంది, అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి, మీ కారుకి కావాల్సింది కాదు. కావాల్సింది డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటుంది, కొన్ని కార్లలో పెట్రోల్ మూత వెనక. అందులో చాలాసార్లు రెండు వరసలుంటాయి, ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పుడు ఒకటి, నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు ఇంకొకటి, రెండో దాంట్లో వెనక టైర్లకి ఎక్కువ ఉంటుంది. మెషిన్ కొనేదాకా ఆ రెండో వరస నేను వాడలేదు. ఇప్పుడు దూరప్రయాణం ముందురోజు రాత్రి సామాను సర్దేసి, పొద్దున వెనక టైర్లకి పెంచుకుని బయల్దేరుతున్నాం, వెనక భాగం ఊగడం తగ్గింది, ఆ తేడా వెనక సీట్లో కూర్చున్నవాళ్లే చెప్పారు.

మొదట్లో జాగ్రత్తపడాల్సిన చిక్కు ఒకటుంది. మెషిన్‌లో కొలత పీఎస్‌ఐ, బార్, కిలోపాస్కల్ మూడు రకాలుగా మారుతుంది. స్టిక్కర్ మీద 230 అని ఉంటే అది కిలోపాస్కల్, బార్‌లో 2.3, పీఎస్‌ఐలో 33కి కాస్త పైన. ఒకసారి మీకు అలవాటైన కొలత పెట్టేసుకోండి, మళ్లీ మార్చకండి.

ఎవరితో మాట్లాడినా ఒక మాట వస్తుంది, 40 కొట్టించు, మైలేజీ పెరుగుతుంది అని. గాలి తక్కువైతే మైలేజీ పడిపోతుందన్నది నిజమే. కానీ చెప్పిన దానికంటే ఏడెనిమిది ఎక్కువ పెడితే టైరు మధ్యభాగం ఉబ్బి రోడ్డుకి ఆనే వెడల్పు తగ్గుతుంది, మధ్యలో గాడులు ముందే అరిగిపోతాయి, వానలో బ్రేక్ మీద నమ్మకం పోతుంది. ఆదా అయిన పెట్రోల్ ముందే మార్చాల్సిన టైర్లలో పోతుంది. తక్కువైతే ఇంకా ప్రమాదం, రెండు అంచులూ అరగడం ఒక్కటే కాదు, టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకీ ఎక్కువగా మడతపడి లోపల వేడి పుడుతుంది, వేగంగా వెళ్తున్నప్పుడు టైరు పేలడానికి ఇది పెద్ద కారణం. అందుకే ఈ విషయంలో నేను అంత పట్టుగా ఉంటాను.

నైట్రోజన్ గురించి అడిగేవాళ్లు కూడా చాలామంది. నైట్రోజన్ కొట్టించిన టైరులో మామూలు గాలి కలపొచ్చా అని. నిశ్చింతగా కలపండి. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. నైట్రోజన్ కొంచెం నిదానంగా బయటికి పోతుందన్నది నిజం, కానీ నెలకోసారి పొద్దున్నే చూసుకునేవాళ్లకి ఆ తేడా పట్టింపు లేదు. తక్కువ గాలితో నడపడం కంటే మామూలు గాలి కలపడం ఎప్పుడూ మంచిదే.

మా కారులో టైరు లైటు ఉంది కదా, ఈ మెషిన్ ఎందుకు అన్నారు ఒకరు. ఆ లైటు వెలిగేసరికి చాలా తగ్గిపోయి ఉంటుంది. అమెరికా నిబంధన ప్రకారం చెప్పిన ఒత్తిడి కంటే 25 శాతం తగ్గితే హెచ్చరించాలి, అంటే 33 ఉండాల్సింది 25 దాకా దిగినా లైటు వెలగకపోవచ్చు. కొన్ని కార్లలో టైరు లోపల సెన్సర్ కూడా ఉండదు, బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సెన్సర్లతో చక్రం తిరిగే వేగం చూసి అంచనా వేస్తాయి, అలాంటివాటికి నాలుగు టైర్లూ ఒకేలా దిగితే కనిపెట్టడం కష్టం. గాలి నింపాక కారు మెనూలో రీసెట్ నొక్కడం మర్చిపోకండి, లేకపోతే పాత లెక్కతోనే చూస్తుంది.

నాకు బాగా మేలు జరిగింది ఎక్కడో చెప్పాలి. రెండో నెలలో ప్రతి ఆదివారం పొద్దున నాలుగు టైర్లూ చూసి ఫోన్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. మూడు టైర్లు నెలకి ఒకటి అటూ ఇటూ తగ్గుతున్నాయి, అది మామూలే. వెనక ఎడమది మాత్రం వారానికి రెండు. కంటికి ఏం తెలియదు, ఈ రోజుల్లో టైరు 25కి వచ్చినా చూడ్డానికి బాగానే కనిపిస్తుంది. దానికి ముందు సర్వీసుకి ఇచ్చినప్పుడు టైర్లన్నీ బాగున్నాయనే చెప్పారు. సబ్బునీళ్లు కలిపి టైరంతా రాశాను, గాడుల్లో ఎక్కడా బుడగ లేదు, రిమ్ అంచున లేదు, చివరికి వాల్వ్ నోటి మీద ఒక చుక్క వేస్తే నిమిషంలో చిన్న బుడగ ఉబ్బింది. లోపల ఉండే పిన్ కాస్త వదులైంది. కార్ల టైర్లకి వాడే ఈ వాల్వ్ 1890లలో వచ్చిన డిజైనే, అందులో ఆ పిన్ మరతో బిగించి ఉంటుంది, చిన్న పనిముట్టుతో తిప్పి తీయొచ్చు. పంక్చర్ వేసే ఆయన దగ్గర కొత్త పిన్ వేయించాను, రెండు నిమిషాల పని. ఆ తరవాత అది కూడా మిగతా మూడింటితో సమానంగా ఉంది. వాల్వ్ మూతలు పోయి ఉంటే ముందు అవి పెట్టుకోండి, దుమ్ము లోపలికి వెళ్లి పిన్ సరిగ్గా ఆనకుండా చేస్తుంది.

కొనేవాళ్లు చూసుకోవాల్సినవి. పెట్టె మీద 150 పీఎస్‌ఐ అని పెద్ద అక్షరాలతో ఉంటే మురిసిపోకండి, కారుకి అంత అవసరమే లేదు, నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందన్నదే ముఖ్యం, అది తక్కువైతే ఎస్‌యూవీ టైరు దగ్గర కూర్చోవాల్సి వస్తుంది. వైరూ గొట్టమూ కలిపి ముందు సాకెట్ నుంచి వెనక దూరంగా ఉన్న టైరు దాకా రావాలి, నా దానికి కష్టం మీద అందుతుంది, డోర్ తెరిచి పెట్టి లాగాలి. తర్వాత కరెంటు. నా మెషిన్ 10 ఆంపియర్లు లాగుతుంది, అంటే 120 వాట్లు. కార్లలో ఆ సాకెట్ ఫ్యూజ్ మామూలుగా 10 నుంచి 20 ఆంపియర్ల మధ్య ఉంటుంది, మీదెంతో ఫ్యూజ్ పెట్టె మూత మీద చూసుకుని కొనండి. అంతకంటే పెద్ద మెషిన్లకి నేరుగా బ్యాటరీకి తగిలించే క్లిప్పులు ఇస్తారు, వాటిని సాకెట్‌కి పెట్టే ప్రయత్నం చేయొద్దు. మెషిన్ నడిపేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచితే బ్యాటరీకి మంచిది, కానీ మూసిన గ్యారేజీలో మాత్రం ఎప్పుడూ అలా చేయకండి, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఒక హద్దు కూడా చెప్పాలి. టైరు పక్కగోడ చిరిగినా, గాలి పూర్తిగా లేకుండా కొంత దూరం నడిపేసినా ఈ మెషిన్ ఏం చేయలేదు. మేకు గుచ్చుకుని మెల్లగా దిగుతుంటే మాత్రం మేకు పీకకుండా గాలి నింపుకుని దగ్గర్లోని పంక్చర్ షాపు దాకా నిదానంగా వెళ్లొచ్చు.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను, క్లిప్పు రకం మూతి, ఇంకో మీటరు వైరు ఉన్నది చూసుకుని. మీరు కొన్న రోజునే స్టెప్నీతో మొదలుపెట్టండి, నాది తీసి చూస్తే 18 ఉంది. సన్నటి తాత్కాలిక స్టెప్నీ ఉన్న కార్లలో దానికి మామూలుగా 60 పీఎస్‌ఐ కావాలి, అంకె దాని మీదే రాసి ఉంటుంది, మిగతా నాలుగు టైర్ల లెక్కలో 33 పెట్టి వదిలెయ్యకండి.