చెనక్కాయల సైంటిస్టు ఊరికి వెళ్ళొచ్చాం

డాలస్ నుంచి మిస్సోరిలోని జాప్లిన్‌కి కారులో ఆరు గంటల దారి. అనంతపురం నుంచి వచ్చిన అమ్మానాన్నలకి జలపాతాలో మాల్సో చూపించకుండా ఇక్కడికెందుకని మా ఆవిడ గొణిగింది గానీ, నలభై ఏళ్ళు చెనక్కాయ పండించిన నాన్నకి చెనక్కాయల సైంటిస్టు జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరు చెప్పగానే ముందు సీటు పట్టేశారు.

రాత్రి జాప్లిన్‌లో హైవే పక్కన చవక మోటెల్ తీసుకుని తప్పు చేశాం. ఏసీ మోత, అడిగితే రెండో దుప్పటి లేదన్నారు. ఇంకో ఇరవై డాలర్లు పెట్టాల్సింది.

పొద్దున అరగంట లోపే కార్వర్ పుట్టిన ఊరు డైమండ్. టికెట్ లేదు, నల్లజాతి వ్యక్తి పేరిట అమెరికాలో వెలిసిన మొదటి నేషనల్ మాన్యుమెంట్ (జాతీయ స్మారక స్థలం, 1943). మ్యూజియం బాగానే ఉంది, పిల్లలకి గంట సరిపోతుంది. అసలు చూడాల్సింది బయట ఉన్న కాలిబాట: వాగు, చెరువు, అడవి, కార్వర్ బానిసగా పుట్టిన గుడిసె ఉన్న చోట నేల మీద దుంగలతో వేసిన చతురస్రం, అంతే. పసివాడిగా ఉన్నప్పుడే తల్లి మేరీతో పాటు దుండగులు ఎత్తుకుపోతే పిల్లాడు మాత్రం దొరికాడు, తల్లి దొరకలేదు. అమ్మ అక్కడే చాలాసేపు నిలబడిపోయింది.

పత్తి వేసి వేసి సారం పోయిన అలబామా నేలల్లో చెనక్కాయ, అలసందలు వేయమని 1896 నుంచీ అక్కడి టస్కీగీ కాలేజీలో చెప్పిన మనిషి ఇతను. వేర్ల బుడిపెలు నత్రజని పట్టిస్తాయని బోర్డు మీద ఉంటే, నాన్న పక్కనున్న తెల్లాయనకి తెలుగులోనే విడమరిచి చెప్పారు, ఆయనా తలూపాడు! పీనట్ బటర్ కనిపెట్టింది ఇతనే అన్నది మాత్రం అపోహ. 1916లో చెనక్కాయతో 105 వంటకాల పుస్తకం వేశాడు, అది నిజం.

పోయినేడు అట్లాంటా నుంచి రెండు గంటలు వెళ్ళి టస్కీగీ కూడా చూశాం, సమాధి అక్కడే, ఆ కాలేజీ పెట్టిన బుకర్ టి. వాషింగ్టన్ పక్కన. అతను చేసిన పని తెలియాలంటే అదే మేలు, కానీ పెద్దవాళ్ళతో వెళితే నేను డైమండే అంటాను.

ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్ళండి, గడ్డిలో గోమార్లుంటాయి, ఫుల్ ప్యాంట్లు వేసుకోండి. పులిహోర కట్టుకెళ్ళాం, పిక్నిక్ బల్లలున్నాయి.