అమెరికా ద బ్యూటిఫుల్ పాస్: ఎడారి ట్రిప్‌కి 80 డాలర్లు పెట్టొచ్చా?

ఫీనిక్స్ నుంచి అమ్మానాన్న, పిల్లలతో కార్లో గ్రాండ్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ, మెసా వెర్డే చుట్టి పెట్రిఫైడ్ ఫారెస్ట్ మీదుగా ఇంటికొచ్చాం. అడిగేవాళ్ళందరికీ ఒకటే చెప్తున్నా, నేషనల్ పార్కుల ఎంట్రీకి ఏడాది పాటు పనిచేసే ఈ పాస్ కొనేయండి, కాకపోతే దీంతోనే ట్రిప్ మొత్తం అయిపోద్ది అనుకోకండి.

లెక్క చూడండి. గ్రాండ్ కాన్యన్ కారుకి 35, వుపాట్కి-సన్‌సెట్ క్రేటర్ రెండూ కలిపి 25, మెసా వెర్డే వేసవిలో 30, పెట్రిఫైడ్ ఫారెస్ట్ 25, ఇక్కడికే 115. మాంటెజుమా కాజిల్‌లో కారుకి కాదు, మనిషికి 10, పదిహేనేళ్ళ దాకా పిల్లలకి ఫ్రీ, పాస్ ఉన్నవాళ్ళతో ఇంకో ముగ్గురు పెద్దవాళ్ళు వెళ్ళొచ్చు కాబట్టి మా నలుగురికీ అక్కడ ఇంకో 40 మిగిలింది. ఇంట్లో ఫోర్త్ గ్రేడ్ పిల్లలుంటే అసలు కొనక్కర్లేదు, వాళ్ళకి వేరే ఫ్రీ పాస్ ఉంది.

పేరెంట్స్ కోసం సీనియర్ పాస్ అడగొద్దు, అది సిటిజన్స్‌కి, గ్రీన్ కార్డ్ వాళ్ళకే. మేం వెళ్ళొచ్చాక 2026లో రూల్స్ మారాయి, 80 రేటు అమెరికాలో ఉండేవాళ్ళకే, బయటివాళ్ళకి 250, పైగా గ్రాండ్ కాన్యన్ లాంటి 11 పార్కుల్లో పాస్ లేని ఫారిన్ విజిటర్స్‌కి మనిషికి 100 అదనం. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళని తీసుకెళ్తుంటే బయల్దేరే ముందు ఆ రూల్ ఒకసారి చూస్కోండి, మీ ఐడీ జేబులో పెట్టుకోండి.

పాస్ పనిచెయ్యని చోట్లు కూడా చెప్పాలి. మాన్యుమెంట్ వ్యాలీ నవాహో నేషన్‌ది, అంటే నవాహో అనే నేటివ్ అమెరికన్ తెగ సొంత ప్రాంతం, మనిషికి 8 కట్టాలి, యాంటెలోప్ కాన్యన్‌కి నవాహో గైడ్ టూర్ లేకుండా పోనివ్వరు. దీనికి రివ్యూల్లో ఒకటే గొణుగుడు. వాళ్ళ భూమి, వాళ్ళ గేటు, ఇంకేం కావాలి? ఇంకో సంగతి, వేసవికి గడియారం గంట ముందుకి జరపడం అరిజోనాలో లేదు, నవాహో నేషన్‌లో ఉంది, ఫోన్లో టైమ్ గంట ముందుకీ వెనక్కీ గెంతుతూనే ఉంటది, టూర్ బుక్ చేసుకున్నవాళ్ళు జాగ్రత్త.

టూర్ అంటే మెసా వెర్డేదే. ఎంట్రీకి పాస్ చాలు గానీ కొండ చరియ కింద కట్టిన పాత ఊరు క్లిఫ్ ప్యాలెస్ లోపలికి పార్కు రేంజర్‌తోనే వెళ్ళాలి, టికెట్ మనిషికి 8, రెండు వారాల ముందు పొద్దున 8కి ఆన్‌లైన్‌లో పెడతారు, ఇట్టే అయిపోతాయి. డబ్బులకి పది రెట్లు విలువ. అందులో 150 దాకా గదులు, ఎనిమిది వందల ఏళ్ళ కిందటివి, 1300 నాటికి అవి కట్టుకున్న ప్యూబ్లో తెగల పూర్వీకులంతా ఊళ్ళు వదిలి దక్షిణానికి వెళ్ళిపోయారు, పాతికేళ్ళ కరువు కూడా ఒక కారణం అంటారు. కివా అని నేలలోకి కట్టిన గుండ్రటి గదులుంటాయి. పైకప్పు పోయినవి పైనుంచే కనపడతాయి. మధ్యలో నిప్పు గుంట, గోడలోంచి కిందకి గాలి వచ్చే దారి, ఆ గాలి సూటిగా మంట మీద పడకుండా మధ్యలో ఒక అడ్డు రాయి, పొగేమో పైన నిచ్చెన దిగే కంతలోంచి బయటికి. రిటైర్డ్ ఇంజనీర్ అయిన మా నాన్న అక్కడే నిలబడిపోయాడు, రేంజర్ పిలిస్తే గానీ కదల్లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ మెట్లు, నిచ్చెనలు కష్టం, అమ్మ పైన వ్యూ పాయింట్ నుంచే చూసింది, అక్కడ్నుంచీ మొత్తం కనపడుద్ది. అక్కడే బాల్కనీ హౌస్ అని అలాంటిదే ఇంకోటుంది, దానికైతే 32 అడుగుల నిచ్చెన, పాక్కుంటూ పోయే సొరంగం, పెద్దవాళ్ళతో దాని జోలికి పోవద్దు. పార్కు గేటు నుంచి ఈ ఇళ్ళ దగ్గరికి ఘాట్ రోడ్డులో ముప్పావు గంట, టూర్ టైమ్‌కి గేటు దగ్గరుంటే లాభం లేదు. మాన్యుమెంట్ వ్యాలీ దగ్గరున్న కాయెంటా ఊరు దాటాక శాకాహారం కష్టమే, పులిహోర కట్టుకోండి.

పెట్రిఫైడ్ ఫారెస్ట్ ఆఖర్న పెట్టుకుంటే పొద్దున్నే వెళ్ళండి, సాయంత్రం గేట్లు మూసేస్తారు. రాళ్ళయిపోయిన ఆ చెట్లు ఇరవై కోట్ల ఏళ్ళకి పైబడినవి, చిన్న ముక్క తీసుకున్నా నేరం. పిల్లలు పేచీ పెడితే దగ్గర్లోని హోల్‌బ్రూక్ ఊరి షాపుల్లో ప్రైవేట్ భూముల్లో తవ్వినవి అమ్ముతారు, దానికి మాత్రం పాస్ చూపిస్తే పైసా తగ్గించరు.