అంబాసిడర్ హెడ్డుకు కొత్త వాల్వు సీట్లు, గైడ్లు: ఆటోనగర్ లేత్ షాపు పనితనం

మా నాన్నగారు వాడిన 1968 నాటి అంబాసిడర్ మార్క్ 2ను మళ్లీ రోడ్డెక్కించే ప్రయత్నంలో, దాని ఇంజిన్ హెడ్డును (సిలిండర్ల మీద మూతలా ఉండి వాల్వులను మోసే భాగం) విజయవాడ ఆటోనగర్‌లోని ఒక లేత్ షాపుకు అప్పగించాను. పనిలో దొర్లిన ఒక పొరపాటును కూడా చెప్పవలసి ఉంది కనుక షాపు పేరు రాయడం లేదు.

ఆ 1489 సీసీ ఇంజిన్ బ్రిటన్‌లో రూపొందిన బి సిరీస్‌కు చెందినది. వాల్వులు కూర్చునే సీట్లకు విడిగా రింగులు లేకుండా, పోత ఇనుప హెడ్డులోనే వాటిని కోశారు. సీసం కలిపిన పెట్రోలు ఉన్నంతకాలం ఆ సీసమే సీటుకు రక్షణ పొరగా ఉండేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా అది ఆగిపోయాక, ఎగ్జాస్టు వాల్వులు సీట్లను కొద్దికొద్దిగా అరగదీస్తూ హెడ్డులోకి దిగబడే ఇబ్బంది మొదలైంది. మా బండిలోనూ అదే జరిగింది. పైగా బజారులో దొరికిన వాల్వు గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు) మా వాల్వులకు వదులుగా ఉన్నాయి. అందుకే సీటు రింగులు, కంచు గైడ్లు ఎనిమిదేసి కొత్తగా తయారు చేయించాను.

ఈ షాపులో నన్ను ఆకట్టుకున్నది, మిషను తిప్పడానికి ముందు కొలవడానికి వెచ్చించిన ఓపిక. గతంలో ఎవరో రెండు సీట్లను పక్కకు జరిపి కోశారని లేత్ మీద పనిచేసే పెద్ద టర్నరు మైక్రోమీటరుతో పట్టుకున్నారు. అన్నిటికీ ఒకే సైజు అనకుండా, ప్రతి గుంటనూ విడిగా కొలిచి, దానికన్నా నాలుగు థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) పెద్దదిగా రింగు తీసి, హెడ్డును వేడిచేసి, రింగును ఫ్రీజరులో చల్లబరిచి దించారు. పక్కపక్క వాల్వుల మధ్య ఇనుము సన్నగా ఉంటుంది కనుక, పెద్ద రింగు వేద్దామన్న నా ఉత్సాహాన్ని ఆయన మొహమాటం లేకుండా తోసిపుచ్చారు. చివరికి పోర్టుల్లో (వాల్వుల వెనక గాలి, పొగ వెళ్లే దారుల్లో) కిరోసిన్ పోసి రాత్రంతా ఉంచితే ఒక్క చుక్క కూడా కారలేదు.

పొరపాటు గైడ్ల దగ్గర జరిగింది. గైడును హెడ్డులోకి దిగగొట్టినప్పుడు దాని లోపలి రంధ్రం కాస్త బిగుసుకుంటుంది కాబట్టి, ఆ తరువాతే రీమరుతో (రంధ్రాన్ని కొద్దిగా కోసి నునుపు చేసే పనిముట్టుతో) తుది సైజుకు తేవాలి. వేడికి కంచు ఇనుముకన్నా ఎక్కువగా వ్యాకోచిస్తుంది కనుక సందు కూడా కొంచెం ఎక్కువే వదలాలి. కుర్ర టర్నరు ఒక ఎగ్జాస్టు గైడుకు ఆ చివరి రీమింగు మరిచిపోయాడు. రెండో రోజున ఇంజిన్ వేడెక్కగానే వాల్వు పట్టేసి, బండి మూడు సిలిండర్ల మీద కుంటుతూ ఇల్లు చేరింది. ఫోను చేస్తే పెద్దాయన "తప్పు మాదేనండీ, హెడ్డు దించి పంపండి" అని మాత్రమే అన్నారు. పైసా తీసుకోకుండా గైడు మార్చి, మిగిలిన ఏడింటినీ మళ్లీ పరీక్షించి ఇచ్చారు. హెడ్డు దించి ఎక్కించిన కూలి మాత్రం నామీదే పడింది.

రెండు వారాలన్న పని ఐదు వారాలు పట్టింది. బిల్లులో మొత్తమే తప్ప ఏ పనికి ఎంతో రాయలేదు. ఏ గుంటకు ఏ కొలత తీశారో చెప్పే కాగితమూ లేదు, రేపు మరొకరు ఈ హెడ్డు విప్పితే మళ్లీ మొదటినుంచి కొలుచుకోవలసిందే. గట్టిదనం పరీక్షించే సాధనం అక్కడ లేదు కనుక గట్టిదనం ముఖ్యమైన క్యామ్‌షాఫ్టు (వాల్వులను తెరిపించే ఇరుసు) లాంటివి వారికి ఇవ్వను. రాకరు (వాల్వును నొక్కే మీట) బుష్షులు మాత్రం వచ్చే నెల అక్కడికే పంపుతున్నాను. కొలతలన్నీ రాసి ఇస్తామని ఈసారి ముందే ఒప్పించాను.