పాత ట్రాక్టర్‌లో నాకు నచ్చింది లాగుడు కాదు, ఆ చిన్న లివర్

మా ట్రాక్టర్ నాకంటే రెండేళ్ళే చిన్నది. ముప్పై అయిదు హార్స్‌పవర్, మూడు సిలిండర్లు. దుక్కిలో ఎలా ఉంటుంది, ట్రాలీ ఎంత లాగుతుంది అన్నవి ఇలాంటి బండి నడిపిన ఎవరినడిగినా చెబుతారు, మళ్ళీ నేనెందుకు రాయడం. నేను రాయాలనుకున్నది స్టీరింగ్ పక్కన ఉండే, కాలితో కాకుండా చేత్తో ఇంజన్ వేగం పెట్టే హ్యాండ్ యాక్సిలరేటర్ గురించి. అవును, రంగు పోయి తుప్పు పట్టిన ఆ లివర్ గురించే. ఇన్నేళ్ళూ అది కాలు నొప్పి పుట్టకుండా పెట్టిన ఏర్పాటు అనుకున్నాను.

నాన్నకు ఊపిరితిత్తుల జబ్బు. రాత్రుళ్ళు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెట్టుకునే పడుకుంటాడు. అది గదిలో గాలినే లాక్కుని, అందులో నైట్రోజన్‌ని పట్టి ఉంచి, ఆక్సిజన్ ఎక్కువున్న గాలిని ముక్కుకు పంపుతుంది. సిలిండర్ మార్చే బాధ లేదు. కానీ కరెంటు లేకపోతే అది ఉత్త పెట్టె.

ఆ రోజు సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. చెట్లు పడి దారి మూసుకుపోయింది, ఆసుపత్రికి తీసుకెళ్ళే మాట లేదు. ఇన్వర్టర్ రెండు గంటలు లాగి చేతులెత్తేసింది. మెషిన్ కీచుమని కూత పెట్టింది. పక్కన పెట్టుకున్న చిన్న ఆక్సిజన్ సిలిండర్ తగిలించి చూస్తే ముల్లు ఎర్ర గీతకు దగ్గర్లో ఉంది.

షెడ్డులో, తిప్పితే కరెంటు పుట్టించే పాత ఆల్టర్నేటర్ ఒకటి మూలన పడి ఉంది. నాన్న ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో పొలంలో మోటారు కోసం కొన్నది. ఇనుప ఫ్రేముకు బిగించి, ట్రాక్టర్ పీటీఓ షాఫ్ట్‌తో, అంటే ఇంజన్ బలాన్ని వెనక పనిముట్లకు అందించే కడ్డీతో, తిప్పుకునేది. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరిగితే, పుల్లీలు దాన్ని ఆల్టర్నేటర్ దగ్గర 1500 చేస్తాయి. 1500 తిరిగితేనే 50 హెర్ట్జ్ కరెంటు, అంటే ఇళ్ళకు వచ్చేలాంటిది. వేగం తగ్గితే హెర్ట్జ్ తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది. ఇదంతా నాకు తెలుసు, కానీ తెలియడం వేరు, వానలో టార్చి నోట్లో పెట్టుకుని చేయడం వేరు.

ఫ్రేముని వెనక పనిముట్లు తగిలించే త్రీ పాయింట్ లింకేజీకి తగిలించాను. హ్యారీ ఫెర్గూసన్ నాగలిని ట్రాక్టర్‌తో ఒకే యంత్రంలా కలపడానికి 1920ల్లో పట్టుబట్టి తెచ్చిన అమరిక అది. దానికి నేను కరెంటు మెషిన్ వేలాడదీశాను. వేలాడదీశాను అనకూడదులెండి, మా బండి హైడ్రాలిక్ లిఫ్ట్ గంటసేపు కూడా పైన నిలవదు, మెల్లగా కిందికి దిగిపోతుంది. అందుకే ఫ్రేము కింద ఇటుకలు పేర్చాను. ఇంట్లోకి పొగ రాకుండా బండిని దూరంగా, గాలివాలు చూసి పెట్టాను. ఇంటి వైరింగ్‌కి కలపకుండా విడిగా ఒక పొడుగు వైరు లాగి నాన్న మెషిన్‌కి ఇచ్చాను. ఇంటి వైరింగ్‌లోకి ఇస్తే అది ఎదురెళ్ళి, లైను బాగుచేసేవాళ్ళ ప్రాణం మీదికి వస్తుంది.

సెల్ఫ్ కొట్టాను, అందుకుంది. గేరు న్యూట్రల్‌లో ఉంచి పీటీఓ వేశాను. హెర్ట్జ్ చూపించే మల్టీమీటర్ పట్టుకుని ఆ లివర్‌ని గోరంత గోరంత జరుపుతూ వచ్చాను. 44. 47. 49. ఇంకొంచెం. 50. అక్కడ వదిలేశాను.

వదిలేశాక అది అక్కడే ఉంది! ఇదే నేను చెప్పాలనుకున్న సంగతి. ఆ లివర్ నేరుగా డీజిల్‌ని పెంచదు. "ఇంత వేగం కావాలి" అని లోపల ఒక స్ప్రింగుకు చెబుతుంది, అంతే. మిగతాది గవర్నర్ చూసుకుంటుంది. ఇంజన్ కాస్త నెమ్మదిస్తే అందులో తిరిగే గుండ్లు దగ్గరికి ముడుచుకుంటాయి, డీజిల్ పెరుగుతుంది. వేగం ఎక్కువైతే గుండ్లు విచ్చుకుంటాయి, డీజిల్ తగ్గుతుంది. ఇందులో సెన్సారూ లేదు, చిప్పూ లేదు. నాన్న మెషిన్‌లో కంప్రెసర్ అందుకున్న ప్రతిసారీ ఇంజన్ గొంతు ఒక్క క్షణం బరువెక్కేది, మళ్ళీ సర్దుకునేది. నేను వరండాలో కూర్చుని అదే వింటూ ఉన్నాను.

సరే, పొగిడింది చాలు. అర్ధరాత్రి దాటాక మీటర్ 46 చూపించింది. చూస్తే లివర్ దానంతటదే వెనక్కి జారుతోంది. కింద వాషర్ అరిగిపోయింది, అదురుకి నిలవడం లేదు. సైకిల్ ట్యూబు ముక్కతో లాగి కట్టాను. ఇన్నేళ్ళూ దున్నేటప్పుడు కూడా జారే ఉంటుంది, కాలు యాక్సిలరేటర్ మీదే ఉండేది కాబట్టి నాకు తెలియలేదు.

ఆ తర్వాత తెల్లవారుజామున, మూడున్నర దాటి ఉంటుంది, నాకు కునుకు పట్టింది. లేపింది మా ఆవిడ. నాన్న చెయ్యెత్తి కిటికీ వైపు చూపిస్తున్నాడట. నేను వెళ్ళేసరికి ఇంజన్ బాగానే నడుస్తోంది అనిపించింది నాకు.

"శబ్దం మారింది రా," అన్నాడు. ఆగి, ఊపిరి తీసుకుని, "ట్యాంకు చూడు."

నేను చెప్పులేసుకుని దిగేలోపే ఇంజన్ రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. ట్యాంకులో ఇంకా నాలుగు వేళ్ళ డీజిల్ ఉంది. కానీ బండి వాలులో నిలబడింది, ఆ డీజిలంతా ఒక మూలకు చేరింది, పైపు గాలి పీల్చింది. లోపల మెషిన్ మళ్ళీ కూత మొదలుపెట్టింది. మా ఆవిడ నాన్నని ఆక్సిజన్ సిలిండర్ మీదికి మార్చింది.

క్యాన్‌లో డీజిల్ పోశాను. పైపులో చేరిన గాలి బయటికి పోవాలని ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీటని వేలితో కొట్టడం మొదలుపెట్టాను. ముందు ఉత్త నురుగు. తర్వాత బుడగలు, డీజిల్, మళ్ళీ బుడగలు. వాన నీళ్ళు అందులో పడకుండా వీపుతో అడ్డం పెట్టాను. ఇంజన్ పైపులో గాలి ఉండకూడదు, నాన్నకేమో గాలి అందాలి, మధ్యలో నా బొటనవేలు. నవ్వు రాలేదు కానీ ఆ ఆలోచన వచ్చింది. బుడగ లేకుండా సన్నటి ధార పడ్డాక స్క్రూ బిగించి, ఇంజన్‌కి డీజిల్ కొట్టే పెద్ద పంపు దగ్గర స్క్రూతో మళ్ళీ అదే పని. సెల్ఫ్ కొడితే ముందు రెండు సిలిండర్ల మీద దగ్గింది, తర్వాత మూడోది కలిసింది. మొత్తం పావుగంట. ఆక్సిజన్ సిలిండర్ ముల్లు ఎక్కడుందో నేను అడగలేదు, మా ఆవిడ చెప్పలేదు.

మర్నాడు పొద్దెక్కాక కరెంటు వచ్చింది.

ఇదివరకు ఈ బండి డీజిల్ పెద్దగా తాగదని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. నాలుగొందల వాట్లు కూడా తినని మెషిన్ కోసం ఆ రాత్రి గంటకు సుమారు రెండు లీటర్లు తాగింది. చిన్న జనరేటర్ అయితే అందులో సగం కూడా తాగదు. బరువు లేకుండా అంతసేపు నడిచినందుకు సైలెన్సర్ జాయింటు నుంచి నల్లటి జిడ్డు కారింది. పీటీఓ షాఫ్ట్ మీద కవర్ ఎప్పుడో పోయింది. సెకనుకు తొమ్మిది చుట్లు తిరిగే షాఫ్ట్ పక్కన చీకట్లో, తడి బట్టలతో తిరిగాను. తలుచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది. ఆ వారమే కొత్త కవర్ వేయించాను. ఇక సెల్ఫ్ అందుకోవడం బండి గొప్ప కాదు, రెండు రోజుల ముందు బ్యాటరీ చార్జింగ్ పెట్టించుకొచ్చాను కాబట్టి.

మరి కొనమంటానా అంటే, ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న మనిషి ఉంటే ముందు మంచి జనరేటర్, నిండు సిలిండర్ పెట్టుకోండి. మేమూ ఇప్పుడు అదే చేశాం. నాకు ఆల్టర్నేటర్ చేతిలో ఉంది, గాలి తీయడం చిన్నప్పుడే నేర్పిన మనిషి మంచం మీద ఉన్నాడు. అవి లేనివాళ్ళకి ఈ బండి ఆ రాత్రి షెడ్డులో ఇనుప ముద్దలా పడి ఉండేది. నేను మాత్రం అమ్మడం లేదు. ఇద్దరు అడిగారు కూడా.

లివర్ కింద వాషర్ మార్చాను. 50 హెర్ట్జ్ వచ్చే చోట గుర్తు పెట్టమని నాన్న చెబితే, మా ఆవిడ గోళ్ళరంగుతో ఎర్ర గీత గీసింది. కాస్త వంకరగా ఉందని నాన్న ఇంకా సణుగుతూనే ఉన్నాడు.