డ్యూక్లా కోసం కొన్న నెయిల్ గ్రైండర్: రెండేళ్ల తర్వాత నా గొడవంతా ఆ మూతతోనే

కుక్క గోళ్లు అరగదీసే ఈ గ్రైండర్ కొన్న కొత్తలో కుక్కను పెంచే వాళ్లు ఎవరు కనిపించినా, పెద్దగా చప్పుడే లేదు, కొనమని చెప్పాను. ఇప్పుడు అడిగినా కొనమనే అంటాను గానీ, ముందు "మీ కుక్కకి బొచ్చు ఎంత ఉంది?" అని అడుగుతాను. ఛార్జింగ్, స్పీడులు లాంటివి డబ్బా మీదే రాసుంటాయి, వాటి జోలికి పోను.

మా కుక్క పేరు చిన్ని, పొడుగు బొచ్చుండే లాసా ఆప్సో జాతి. ఏడేళ్లు కాకినాడలో అత్తయ్యగారి దగ్గర పెరిగింది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు ఎక్కువై వంగలేకపోతుంటే హైదరాబాద్ తెచ్చుకున్నాం. వచ్చిన వారానికే గమనించాను, ముందు కుడికాలు అదే పనిగా నాకుతోంది. పాదం చూస్తే బాగానే ఉంది. మేడ మీద సిమెంటు నేలపై తిరిగిన కుక్క కదా, కింది గోళ్లు వాటంతటవే అరిగాయి. కానీ కొంచెం పైన, లోపలివైపు, మన బొటనవేలి చోట ఉండే డ్యూక్లా నేలకి తగలదు, అరగదు. బొచ్చు పాయలుగా విడదీసి చూస్తే నల్లటి గోరు ఉంగరంలా చుట్టుకుపోయి, కొస వెనక్కి తిరిగి చర్మంలోకి దిగిపోయి ఉంది. చుట్టూ బొచ్చంతా తడిసి ఎర్రబారింది, ముక్కు దగ్గర పెడితే చీము వాసన. నాకు ఏడుపొచ్చేసింది. అత్తయ్యగారిని ఏమనగలం, స్నానానికి తీసుకెళ్లిన చోట గోళ్లన్నీ తీస్తున్నారనే ఆవిడ నమ్మకం.

డాక్టరు గారు ఆ గోరు కత్తిరించి, లోపల దిగిన ముక్క లాగి, పుండు కడిగి మందు రాశారు. ఎడమ కాలి గోరు ఇంకా చర్మాన్ని తాకలేదు గానీ ముప్పావు చుట్టు తిరిగింది. దాన్ని మాత్రం ఒకేసారి పొట్టిగా తీయలేదు. గోరు పెరిగేకొద్దీ లోపలి రక్తనాళం కూడా పొడుగు సాగుతుందని, వారం పది రోజులకోసారి కొసన కాస్త కాస్త తీస్తూ పోతే అది మెల్లగా వెనక్కి తగ్గుతుందని చెప్పారు. నల్ల గోరులో ఆ నాళం ఎక్కడిదాకా ఉందో పైనుంచి కనపడదు. గ్రైండర్‌తో అరగదీస్తుంటే గోరు మధ్యలో చిన్న ముదురు చుక్క తేలుతుంది, అక్కడికి ఆపేస్తే చాలు. ఈ ఒక్క విషయంలో గ్రైండర్‌ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఇక ఆ మూత. దానికున్న మూడు రంధ్రాలు కింది గోళ్లకి చక్కగా సరిపోతాయి. డ్యూక్లా ఏమో వంకర తిరిగి, కాలికి అతుక్కున్నట్టు పడుకుని ఉంటుంది. ఏ రంధ్రంలోనూ దూరదు, దూర్చబోతే కాలు మెలిపెట్టాల్సి వస్తుంది. మూత తీసేయక తప్పదు. తీస్తే తిరిగే రాయంతా బయటే. మూడో నెలలో ఒక ఆదివారం, మావారు చిన్నిని ఒళ్లో పట్టుకున్నారు, నేను గోరు మీదే చూపు పెట్టాను, పక్కనున్న పొడుగు బొచ్చు పాయ ఒకటి రాయికి చుట్టుకుని చర్మం దాకా లాగేసింది. చిన్ని పెట్టిన కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది. వెంటనే స్విచ్ ఆపి, కత్తెరతో బొచ్చు కత్తిరించి విడదీశాను. రక్తం రాలేదు, చర్మం మాత్రం కందిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు, ఆ మోటారు చప్పుడు వింటే చాలు మంచం కిందకి దూరేది. ఆఫ్‌లో ఉన్న గ్రైండర్ పక్కన పెట్టి చికెన్ ముక్కలు తినిపిస్తూ మళ్లీ మొదటి నుంచి అలవాటు చేశాను.

దీనికి మందు మా అమ్మాయి పాత నైలాన్ సాక్స్‌లో దొరికింది. పలచటి సాక్స్ చిన్ని కాలికి తొడిగి, డ్యూక్లా ఉన్న చోట గోరు ఒక్కటే గుడ్డని పొడుచుకుని బయటికి వచ్చేలా లాగుతాను. బొచ్చంతా లోపలే ఉండిపోతుంది. బొటనవేలితో గోరుని అడుగునుంచి కాస్త ఎత్తి పట్టుకుని, రెండు సెకన్లు తాకించి తీసేయడం, మళ్లీ తాకించడం. ఎక్కువసేపు ఆనిస్తే గోరు వేడెక్కుతుంది. ఇంత చిన్న ఉపాయానికి నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

పెద్దగా చప్పుడే లేదని అప్పట్లో అందరికీ చెప్పాను గదా, అది ఏడాది వరకే. ఇప్పుడు గరగరమంటోంది. బాగా పెరిగిన గోరుని దీనితోనే దింపాలంటే కుక్కకీ మనకీ ఓపిక చాలదు. అందుకే నేను ముందు పిల్లుల గోళ్లు తీసే చిన్న కట్టర్‌తో కొస తుంచి, తర్వాత గ్రైండర్ పెడతాను. గోరుని రంధ్రంలోంచి దూర్చి కోసే రకం కట్టర్ చుట్టు తిరిగిన గోరుకి ఎక్కనే ఎక్కదు. కట్టర్‌తో ఒకసారి రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది నాలుగైదు నిమిషాలు నొక్కి పట్టుకున్నాను, ఆగింది.

మా చిన్ని మెతక, పట్టుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉన్నారు, అందుకే నాకు కుదిరింది. పొట్టి బొచ్చు కుక్కలైతే సాక్స్ అవసరం కూడా ఉండకపోవచ్చు. గోరు అప్పటికే చర్మంలో దిగి ఉంటే మాత్రం గ్రైండర్ ముట్టుకోకుండా డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి. కుడికాలిని మేమూ అక్కడే చూపించాం, దాని జోలికి గ్రైండర్ వెళ్లింది పుండు పూర్తిగా మానాకే.