బొగ్గు గనికి అడ్డొచ్చిన చరిత్ర: తరలించాలా, తవ్వి దాచాలా, వదిలేయాలా?

ఓపెన్ కాస్ట్ గని అంటే పైనున్నదంతా ఎత్తిపోయడమే. చేనైనా, గుడైనా, శ్మశానమైనా బొగ్గు పొర మీద ఏముంటే అది ఓబీ డంపులోకి, అంటే బొగ్గు మీది మట్టీ రాళ్లూ పోసే గుట్టలోకి పోతుంది. అందుకే గనికి అనుమతి ఇచ్చే ముందే పాత కట్టడాల సంగతి తేల్చుకోవాలి. అప్పుడు ఉండేవి మూడు దారులు. కట్టడాన్ని ఇంకోచోటికి తరలించడం, పురావస్తు తవ్వకాలు జరిపి దొరికింది భద్రం చేయడం, ఆ స్థలాన్ని గని హద్దుల్లోంచే తప్పించడం.

తరలించడం మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్ నీటిలో మునిగిపోతుందని 1954 నుంచి ఆరేళ్లపాటు ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని తవ్వి, ముఖ్యమైన కట్టడాలను నాగార్జునకొండ మీదికీ దగ్గర్లోని అనుపుకూ చేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం ముంపు తప్పించుకుని అలంపురం వచ్చింది. బొగ్గు కోసం ఇలాంటి పని భారీగా చేసింది చెక్‌వాళ్లు. మోస్త్ పట్టణం కింద లిగ్నైట్ (ఒక రకం బొగ్గు) ఉందని పాత ఊరంతా కూల్చేశారు. పదహారో శతాబ్దంలో కట్టిన చర్చిని మాత్రం 1975లో పట్టాలెక్కించి, దాదాపు నెలపాటు నిమిషానికి రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున 841 మీటర్లు జరిపారు. ఇంజినీరింగ్ పరంగా చూస్తే నోరెళ్లబెట్టాల్సిందే. కానీ ఆ చర్చి ఏ వీధుల మధ్య నిలబడిందో ఆ వీధులు ఇప్పుడు లేవు. పైగా ఇంత ఖర్చు పెట్టేది పేరున్న కట్టడానికే. పొలం గట్టు మీద ఒంటరిగా నిలబడ్డ రాయికి పట్టాలెవరు వేస్తారు?

రెండోది, తవ్వి దాచడం. ఇందులో లాభం లేదని నేననను. జర్మనీలోని షోనింగెన్ లిగ్నైట్ గనిలో 1990ల మధ్యలో చెక్క ఈటెలు బయటపడ్డాయి, చుట్టూ గుర్రాల ఎముకలు. వాటి వయసు రెండు మూడు లక్షల ఏళ్లని లెక్క. అంత పాత కాలపు చెక్క సామాను మిగలడమే అరుదు. నిజం చెప్పాలంటే గని తవ్వకపోతే అవి కంటపడేవే కావు. అక్కడ 1980ల నుంచే పురావస్తు బృందం గనిలో పనిచేస్తూ ఉంది, ఈటెలు దొరికిన చోటును దిమ్మలా వదిలి చుట్టూ తవ్వకం సాగించారు. అమెరికాలో అరిజోనాలోని బ్లాక్ మీసా మీద కూడా 1967 నుంచి 1980ల దాకా గని కంటే ముందు పురావస్తు బృందాలు నడిచాయి.

ఈ రెండుచోట్లా పని నడిచింది ఏళ్ల తరబడి టైమ్ ఇచ్చారు కాబట్టే. బుల్డోజర్ స్టార్ట్ చేసి పెట్టుకుని "రెండు వారాల్లో తేల్చండి" అంటే వచ్చేవి ఫోటోలు, కొన్ని కుండపెంకులు, ఒక రిపోర్టు. అంతే. తవ్వకం ఒక్కసారే చేయగలిగే పని కూడా. ఒకసారి పొరలు కదిలాక, రేపు ఇంకా మంచి పరికరాలు వచ్చినా చూడ్డానికి ఏమీ ఉండదు.

మూడో దారి ఎందుకు అవసరమో చెప్పడానికి జార్ఖండ్‌లోని పుంక్రీ బర్వాడీ చాలు. హజారీబాగ్ జిల్లా బర్కాగావ్ దగ్గర రెండు నిలువురాళ్లు ఇంగ్లిష్ వీ అక్షరంలా ఒరిగి ఉంటాయి. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి 20-21, సెప్టెంబరు 22-23 తేదీల్లో ఉదయించే సూర్యుడు ఆ సందులో కనిపిస్తాడు. దాదాపు అదే పేరున్న ఎన్టీపీసీ పక్రీ బర్వాడీ బొగ్గు గని ఉన్నది ఆ ప్రాంతంలోనే. ఆ రాళ్లను క్రేనుతో ఎత్తి ఏదో పార్కులో పాతి, సూర్యుడు మళ్లీ సందులో పడేలా సర్దొచ్చేమో. కానీ వాటిని నిలబెట్టినవాళ్లు ఎక్కడి నుంచి చూశారో, ఏ కొండను గుర్తుగా పెట్టుకున్నారో చెప్పే సాక్ష్యం ఆ నేలతోనే పోతుంది.

మన గోదావరి లోయలోనూ ఇదే లెక్క. మణుగూరు గనులకు దగ్గర్లోని పినపాక మండలం జానంపేటలో జనం రాకాసి గుళ్లని పిలిచే బృహత్ శిలాయుగపు సమాధులున్నాయి. వాటికి విలువ తెచ్చేది ఒక్కో బండ కాదు, అవన్నీ కలిసి ఉన్న తీరు. పైన వదిలేసి కింద బావి పద్ధతిలో, అంటే భూగర్భ సొరంగాల్లోంచి బొగ్గు తీయొచ్చు కదా అంటారు. తీయొచ్చు, కానీ ఖాళీలో ఇసుక నింపకపోతే నేల కుంగుతుంది, బండలూ ఒరుగుతాయి.

కాబట్టి నా ఓటు ఈ వరుసలో: నిలువురాళ్లు, సమాధుల గుంపులు, బొమ్మల గుహలు కదిలించకుండా వదిలేయాలి. నేలలో చెదిరిన పనిముట్లు, పెంకులైతే తగినంత టైమ్ ఇచ్చి తవ్వాలి. తరలించడం ఇంకే దారీ లేనప్పుడే, అదీ గుడిలాంటి కట్టడానికే.

చిక్కల్లా చట్టంతోనే. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్రం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపై 200 మీటర్లు నియంత్రణ. జాబితాలో లేని రాయికి ఆ నీడ పడదు. అమెరికాలోనూ 1977 గనుల చట్టం చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్‌లో ఉన్న స్థలాలకు రక్షణ ఇస్తుంది. అందుకే 1921లో గని కార్మికులు పోరాడిన బ్లెయిర్ మౌంటెన్‌ను 2009లో రిజిస్టర్‌లో చేర్చడం, తీసేయడం, కోర్టు మెట్లెక్కాక 2018లో మళ్లీ చేర్చడం పెద్ద గొడవైంది.

మన దగ్గర ఊరివాళ్ల చేతిలో ఉన్నది ప్రజాభిప్రాయ సేకరణ. దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ముసాయిదా పర్యావరణ నివేదిక కలెక్టరాఫీసులో చూసుకోవచ్చు. అందులో మీ ఊరి రాళ్ల ప్రస్తావన లేకపోతే సర్వే నంబరు, ఫోటో జతచేసి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. మైకులో మాట్లాడిందొక్కటే నమ్ముకోవద్దు.