ఖరీదైన మడత కత్తి: జేబుకా, షోకుకా?

ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోవద్దు. పార్సిల్ టేపు కోయడం, తాడు తెంపడం, అట్టపెట్టె చీల్చి చదును చేయడం, ఎప్పుడైనా ఒక పండు కోసుకోవడం, మీ పని ఇంతవరకే అయితే ఖరీదైన మడత కత్తి మీకు అక్కర్లేదు. ఒపినెల్ కంపెనీ వాళ్ల 8వ నంబరు మడత కత్తి గానీ, విక్టోరినాక్స్ వాళ్ల సన్నటి క్యాడెట్ గానీ జేబులో ఉంటే అవన్నీ అయిపోతాయి, కొన్ని పనులైతే వాటికి ఎన్నో రెట్లు ధర పలికే కత్తులతో కంటే నున్నగా అవుతాయి. అయినా సరే నా దగ్గర ఖరీదైనవి ఉన్నాయి, వాడుతున్నాను, ఇంకా కొంటాను కూడా. ఈ రెండు మాటలకీ పొంతన లేదని మీకు అనిపిస్తే మిగతాది చదవండి.

కత్తి బాగా కోస్తుందా లేదా అన్నది చాలావరకు బ్లేడు పల్చదనం తేల్చేస్తుంది, స్టీలు పేరు తర్వాత. ఒపినెల్ 8 బ్లేడు వెన్ను దగ్గర కూడా రెండు మిల్లీమీటర్లు ఉండదు. హిండరర్ ఎక్స్‌ఎం-18 లాంటి దిట్టమైన వాటి వెన్ను నాలుగు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. రెంటితో ఒక ఆపిల్ కోసి చూడండి. పల్చటిది ఆ చివరిదాకా ఒకే ఊపులో దిగిపోతుంది. లావుది సగం దాకా దిగుతుంది, అక్కడి నుంచి కోయడం మానేసి చీల్చడం మొదలుపెడుతుంది, టప్పుమని కాయ రెండు చెక్కలవుతుంది, ఆ చెక్కల లోపలి వైపు చూస్తే సగం నున్నగా, సగం విరిగినట్టు గరుకుగా ఉంటుంది. పదును రెంటికీ సమానంగా ఉన్నా ఇదే వరస. మందపాటి అట్టపెట్టెలో కూడా అంతే, లావు బ్లేడు దారి చేసుకుంటూ పోవాలి గనక రెండు మూడు పెట్టెలయ్యేసరికి మణికట్టు నొప్పెడుతుంది. మరి లావెందుకు చేస్తారంటే, కొనేవాళ్లకి కత్తి చేతిలో బరువుగా, గట్టిగా అనిపించాలి, మూత ఎత్తడానికి మొన దూర్చి మెలితిప్పే మహానుభావుల చేతిలో విరగకుండా ఉండాలి. (దయచేసి అలా మెలితిప్పకండి. దానికి స్క్రూడ్రైవర్ అని ఒకటుంది.)

ఇక స్టీలు. ఈ మధ్య ఎవరి నోట విన్నా మాగ్నాకట్టే. లారిన్ థామస్ అనే మెటలర్జిస్టు రూపొందించగా 2021లో బయటికొచ్చింది. మామూలు స్టెయిన్‌లెస్ స్టీళ్లలో క్రోమియం కార్బైడ్లు (కార్బన్‌తో కలిసి ఏర్పడే గట్టి రేణువులు) పెద్దపెద్ద గడ్డల్లా తయారై అంచుని పెళుసు చేస్తాయి, ఇందులో అవి రాకుండా చూసుకున్నాడు, అందుకే అంత తేలిగ్గా తుప్పు పట్టదు, అంచు తొందరగా పెచ్చులూడదు, పదును కూడా చాలాకాలం ఉంటుంది. నిజంగా మంచి స్టీలు, పొగిడితే నాకేం అభ్యంతరం లేదు. కానీ జేబులో పెట్టుకుని రోజుకి నాలుగుసార్లు టేపు కోసేవాడికి ఆ తేడా ఎంత తెలుస్తుంది? విక్టోరినాక్స్ బ్లేడు గట్టితనం రాక్‌వెల్ స్కేలు మీద 56 దగ్గర ఉంటుంది, మాగ్నాకట్‌ని 62, 63 దాకా తీసుకెళ్తారు. మొదటిది తొందరగా మొద్దుబారుతుంది, కానీ ఏ మామూలు సానరాయి మీదైనా ఐదు నిమిషాలు రుద్దితే మళ్లీ వెంట్రుకలు గొరిగేంత పదునొస్తుంది. ఎస్30వి, ఎం390 లాంటి ఖరీదైన స్టీళ్లలో వెనేడియం అనే లోహం నాలుగు శాతం దాకా ఉంటుంది, ఆ వెనేడియం కార్బైడ్లు మామూలు అల్యూమినియం ఆక్సైడ్ రాయి కంటే గట్టివి. అంటే మీ రాయి ఆ స్టీలుని అరగదీయడానికి ఆపసోపాలు పడుతుంది. డైమండ్ ప్లేటు, అంటే వజ్రపు పొడి అంటించిన సాన పలక, కొనాలి, కొంచెం చెయ్యి తిరగాలి. ఇవి రెండూ లేనివాళ్లు కొన్న ఎం390 కత్తులు చాలా చూశాను, మొద్దుబారిపోయి, కాగితం మీద కూడా పట్టుపట్టి లాగుతూ, మెరుస్తూ ఉంటాయి. పదును పెట్టడం రాకపోతే ఖరీదైన స్టీలు జోలికే పోవద్దు. ఇది సలహాలాగా కాదు, గట్టిగానే చెబుతున్నాను.

అంత డబ్బు ఎక్కడికి పోతోందంటే, చాలావరకు అమరికలోకి, అంటే భాగాలు ఒకదానికొకటి కుదిరే తీరులోకి. క్రిస్ రీవ్ కంపెనీ చేసే సెబెంజా కత్తి ఒకటి చేతిలోకి తీసుకుంటే ఇది అర్థమవుతుంది, బొమ్మల్లో అర్థం కాదు. బ్లేడు మీదుండే చిన్న బొడిపెని (స్టడ్డుని) బొటనవేలితో తోస్తే బ్లేడు ఎగిరి పడదు, నూనెలో కదిలినట్టు ఒకే తీరులో మెల్లగా తిరిగి చివర చిన్న ఠప్పు శబ్దంతో ఆగుతుంది. తెరిచాక మొన పట్టుకుని అటూ ఇటూ ఊపండి, పైకీ కిందకీ నొక్కండి, చప్పుడుండదు, కదలికుండదు. మూసినప్పుడు బ్లేడు రెండు టైటానియం పలకల మధ్య సరిగ్గా నడిమధ్యన కూర్చుంటుంది. లోపల బేరింగులుండవు, ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లే. సెబెంజా 31 మోడల్‌లో, తెరిచిన బ్లేడు మూసుకోకుండా పట్టే లాక్ బ్లేడుకి ఆనేచోట చిన్న సెరామిక్ గుండు పెట్టారు, టైటానియం స్టీలు మీద అరిగి అతుక్కుపోయే తలనొప్పి దాంతో తగ్గింది. ఇంకో మంచి విషయం, దీన్ని విప్పి శుభ్రం చేసుకోమని తయారీదారులే పానాలు ఇచ్చి మరీ చెబుతారు, కొన్ని కంపెనీలు మాత్రం విప్పితే గ్యారంటీ పోతుందని భయపెడతాయి. విప్పి, తుడిచి, చుక్క గ్రీజు రాసి, మళ్లీ బిగించాక స్క్రూ ఎంత తిప్పాలా అని తడుముకోనక్కర్లేదు, బిగిసేదాకా బిగిస్తే చాలు, బ్లేడు సరిగ్గానే తిరుగుతుంది. ఇలాంటివి నాకు పిచ్చి ఇష్టం. కోతకి దీనివల్ల ఒరిగేదేమీ లేదని కూడా తెలుసు.

అలాగని ధర ఎక్కువైతే అమరిక బాగుంటుందన్న హామీ ఏమీ లేదు. పేరెందుకులెండి గానీ, పేరున్న కంపెనీ టైటానియం కత్తి ఒకటి నా దగ్గరికి వచ్చినప్పుడే బ్లేడు ఒక పక్కకి ఒరిగి పలకని దాదాపు తాకుతోంది, స్క్రూ వదులు చేస్తే మధ్యకొస్తుంది కానీ ఊగుతుంది, బిగిస్తే ఊగదు కానీ మళ్లీ ఒరుగుతుంది. రాసి అడిగితే "అది మా ప్రమాణాల పరిధిలోనే ఉంది" అన్నారు. ఆ ధరకి ఆ జవాబు వింటే ఒళ్లు మండుతుంది. అదే సమయంలో చైనాలో వి, రియేట్ లాంటి కంపెనీలు చేస్తున్నవి చూస్తే అమరికలో పెద్ద పేర్లకి ఏమాత్రం తీసిపోవడం లేదు, వి వాళ్లదే చౌక బ్రాండు సివివి కూడా తీసిపారేసేది కాదు. చైనా సరుకని మొహం తిప్పుకునే రోజులు పోయాయి.

లాకుల గురించి జనం గంటలు గంటలు కొట్టుకుంటారు కానీ ఇందులో మీ చెయ్యి చెప్పేదే వేదం. పిడి లోపలి పల్చటి రేకు ఒకటి వంగొచ్చి తెరిచిన బ్లేడుకి అడ్డంపడేదే లైనర్ లాక్, దాన్ని ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి తెచ్చింది కత్తులు చేసే మైఖేల్ వాకర్, 1980ల మొదట్లో. క్రిస్ రీవ్ ఆ పల్చటి రేకు బదులు పిడి పలకనే కోసి లాక్‌గా వంచాడు, అదే ఫ్రేమ్ లాక్. గట్టిగా పట్టుకున్నకొద్దీ లాక్ ఇంకా బిగుస్తుంది, బాగుంది. కానీ ఒక తిరకాసుంది, కొత్తవాళ్లెవరికీ ఎవరూ చెప్పరు. తెరిచేటప్పుడు మీ వేళ్లు ఆ లాక్ పలక మీద నొక్కుకుంటే, మూసిన బ్లేడు జారకుండా పట్టే లోపలి గుండు దాన్ని ఇంకా గట్టిగా అదిమి పడుతుంది, బొటనవేలితో ఎంత తోసినా బ్లేడు మొండికేస్తుంది. "కత్తి బిగుసుకుపోయింది" అని కంప్లయింట్ చేసేవాళ్లలో సగం మంది బాధ ఇదే అనుకుంటాను. వేళ్లు కొంచెం వెనక్కి, క్లిప్పు మీదికో అంచు మీదికో జరిపితే సులువుగా తెరుచుకుంటుంది. ఎడమచేతి వాటం వాళ్లయితే ఫ్రేమ్ లాక్‌లో ఎడమ చేతికి చేసినదే వెతుక్కోవాలి, లేదా బెంచ్‌మేడ్ యాక్సిస్ లాంటి అడ్డకడ్డీ లాక్ తీసుకోండి, రెండు చేతులకీ ఒకటే, పైగా మూసేటప్పుడు వేలు బ్లేడు దారిలో పెట్టాల్సిన పని లేదు. స్పైడర్కో పారా మిలిటరీ 2లో ఉండే కంప్రెషన్ లాక్ కూడా అంతే, వేలు ఎప్పుడూ అంచుకి దూరంగానే ఉంటుంది. నన్నడిగితే రోజువారీ వాడకానికి ఈ రెండే మొదటి వరసలో నిలబడతాయి, టైటానియం ఫ్రేమ్ లాక్ అందగత్తె అయినా సరే.

బరువు దగ్గర మాత్రం నేను రాజీపడను. బెంచ్‌మేడ్ బగౌట్ 52 గ్రాములు, జేబులో ఉన్నట్టే తెలియదు, కాకపోతే పిడి గట్టిగా నొక్కితే కాస్త వంగుతున్నట్టు ఉంటుంది, అది కొందరికి నచ్చదు. పారా మిలిటరీ 2 దాదాపు 110 గ్రాములు. పెద్ద సెబెంజా 130 పైమాటే. పల్చటి ప్యాంటు వేసుకుని 130 గ్రాముల కత్తి జేబుకి తగిలించి మెట్లెక్కి చూడండి, ప్రతి అడుగుకీ తొడకి తగులుతుంది, కూర్చుంటే అడ్డంగా తిరుగుతుంది, పక్కనే ఉన్న ఫోనుకి రాసుకుంటుంది, తాళం చెవులు తీద్దామని చెయ్యి పెడితే క్లిప్పు వేళ్ల వెనక చర్మాన్ని గీరుతుంది. వారం తిరిగేసరికి అది జేబులోంచి బ్యాగులోకి, బ్యాగులోంచి సొరుగులోకి పోతుంది. అంత డబ్బు పోసింది సొరుగులో పెట్టడానికా? జీన్సు, కార్గో ప్యాంట్లు వేసుకునేవాళ్లకి ఈ లెక్క వేరుగా ఉండొచ్చు. నాకు మాత్రం బ్లేడు మూడంగుళాల లోపు, బరువు 90 గ్రాముల లోపు ఉంటేనే అది రోజూ నాతో వస్తుంది. చిన్న సెబెంజా ఆ హద్దులో ఇముడుతుంది, అందుకే పెద్దదానికంటే అదే నాకు ముద్దు.

బేరింగులా వాషర్లా అన్నదీ జేబుతో ముడిపడిన విషయమే. బేరింగులున్న కత్తి ఫ్లిప్పర్ (బ్లేడుకి వెనక పొడుచుకొచ్చే చిన్న మీట) మీద వేలు వేయగానే రివ్వున తెరుచుకుంటుంది, సరదాగా ఉంటుంది, నేనూ ఊరికే కూర్చున్నప్పుడు టకటకలాడిస్తుంటాను. కానీ జేబు అడుగున చేరే నూలు పోగులు, దుమ్ము, ఇసుక ఆ బేరింగు గుండ్ల మధ్యకి దూరితే గరగరమంటుంది. వాషర్లు ఆ చెత్తని బాగా ఓర్చుకుంటాయి. దుమ్ములో, మట్టిలో పనిచేసేవాళ్లు వాషర్ల వైపే వెళ్లండి.

చట్టం సంగతి మీ ఊళ్లో మీరే చూసుకోవాలి, ఒక చోట మామూలు వస్తువు ఇంకోచోట కేసవుతుంది. బ్రిటన్‌లో అయితే మూడంగుళాల లోపు ఉండి, లాక్ లేని మడత కత్తి మాత్రమే కారణం చెప్పకుండా వెంట పెట్టుకోవచ్చు, అంటే ఇంతసేపూ నేను పొగిడిన లాకులన్నీ అక్కడ జేబులో ఉంటే ఎందుకు పెట్టుకున్నావో చెప్పుకోవాలి. విమానంలో మీతోపాటు లోపలికి తీసుకెళ్లే సంచిలో ఏదీ పెట్టుకోకండి, సెక్యూరిటీ వాళ్లు లాక్కుంటే తిరిగిరాదు. ఇంకో సంగతి, నలుగురిలో నల్లటి మొనదేలిన బ్లేడు ఝళ్లుమని తెరిస్తే పక్కవాళ్లు వెనక్కి జరుగుతారు. ఎర్ర పిడి విక్టోరినాక్స్ తీస్తే "ఓసారి ఇస్తారా" అని అడుగుతారు. ఆఫీసులో ఉండేవాళ్లకి ఈ తేడా స్టీలు కంటే ముఖ్యం.

ఇంతా విని కూడా కొందామనిపిస్తే, కొనేముందు ఒకసారి చేతిలో పట్టుకుని చూసే దారి వెతకండి, స్నేహితుల దగ్గరున్నా సరే. ఊరికే తెరిచి మూస్తే ఏమీ తెలియదు, షాపులో అన్నీ బాగానే ఉంటాయి. తెరిచిన కత్తిని అట్టపెట్టె కోస్తున్నంత బలంగా పిడికిలి బిగించి ఒక నిమిషం పాటు పట్టుకోండి, వదిలాక అరచేయి చూసుకోండి. క్లిప్పు అచ్చు ఎర్రగా పడిందా, పలక అంచు వేళ్ల కింద నొక్కుకుందా, చిటికెన వేలికి చోటు చాలిందా. తర్వాత క్లిప్పు జేబుకి తగిలించుకుని కూర్చోండి, వంగండి, అదే జేబులోంచి ఇంకేదైనా తీయండి. ఒక్క చేత్తో తెరవడమే కాదు, ఒక్క చేత్తో మూయగలరో లేదో కూడా చూడండి, ఎందుకంటే రెండో చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి ఇబ్బంది పెట్టినా దాన్ని వదిలేయండి, ఎంత మంచి పేరున్నదైనా, ఎవరెంత పొగిడినా. అన్నీ కుదిరితే మటుకు కొనుక్కోండి, కొన్నాక గీత పడుతుందేమోనని దాచుకోకుండా వాడండి, దాంతోపాటు డైమండ్ ప్లేటు కూడా బిల్లులో వేయించండి.